అద్దె మోటారుసైకిలుపై మరుభూమి యాత్ర



కాశీ రామేశ్వరములకు బోయివచ్చినవారి యాత్రావిశేషములు మనము పెక్కుమారులు చదివియున్నాము. పుణ్యక్షేత్రమునకు బోవువారికి త్రోవ కష్టము, చేరుట ఫలము. త్రోవయే ఫలమైన యాత్రలును గలవు. మొన్నటి సంక్రాంతి సెలవులలో మేము చేసివచ్చిన యాత్ర యట్టిది. రాజస్థానమున థార్ అని పిలువబడు ఎడారిలో ఎనిమిది దినములు, సుమారు 1,050 కిలోమీటర్లు, అద్దెకు దీసికొన్న మోటారుసైకిలుపై తిరిగివచ్చితిమి.

బడిపంతులుగారి సంసారమున కిది యేటి వేడుకయని కొంద రనుకొందురు. రెండేండ్లు చీటి కట్టి, ఆ సొమ్ముతో పోయితిమి. పిల్లలను మా అత్తగారు చూచుకొనిరి. మోటారుసైకిలు మగవారి బండియనియు, ఎడారి స్త్రీలకు తగని చోటనియు మా వీథిలో అన్నవారు లేకపోలేదు. అట్లనువారికి మేము చెప్పిన సమాధాన మిది. 1934వ సంవత్సరము డిసెంబరులో థెరీసా వాలక్, ఫ్లారెన్సు బ్లెన్‌కిరన్ అను నిరువురు స్త్రీలు ప్రక్కబండియు వెనుకబండియు తగిలించిన మోటారుసైకిలుపై లండను విడిచి, సహారా ఎడారిని నడుమగా దాటి, 1935 జూలైలో కేప్‌టౌను నగరము చేరిరి. వారు దాటినది సహారా. మేము పోయినది తారురోడ్లున్న థార్. మావారు బండి నడపిరి. మేము వెనుక గూర్చుంటిమి. అయినను వెనుక గూర్చున్నవారు మూటలు కారు. నడపువాడు త్రోవను మాత్రమే చూడగలడు. నీరెంత యున్నది, పెట్రోలెంత యున్నది, ప్రొద్దెంత యున్నది అను లెక్క వెనుకనున్నవారి పని. ఇల్లు నడపిన స్త్రీకి ఆ లెక్క క్రొత్తది కాదు.

ముందుగా అద్దె సంగతి. మన యూరినుండి బండిని రైలులో వేసికొనిపోవుటకంటె జోధ్‌పూరులో అద్దెకు దీసికొనుట సుళువు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి, మోటారుసైకిళ్ళను అద్దెకిచ్చుటకు కేంద్రప్రభుత్వము 1997లో నిబంధనల నేర్పఱచినది. స్వంతముగ నడపుకొనుట కద్దెకిచ్చు బండికి నల్లని పలకపై పసుపుపచ్చని అంకె లుండును. తెల్లపలకపై నల్లని అంకెలున్నచో అది సొంతబండి. దాని నద్దెకు దీసికొనరాదు. ప్రమాదము జరిగినపుడు బీమావారితో చిక్కు వచ్చును. ఈ యొక్కగుర్తు తెలిసియుండుటవలన మేము మొదటి దుకాణమును విడిచి రెండవదానికి బోయితిమి.

మాకు దొరకినది 350 సీ.సీ. బుల్లెట్టు. దినమునకు 1,200 రూపాయల అద్దె, ధరావతు వేఱు. ఇంగ్లండులో రెడిచ్ అను నూర 1901లో మోటారుసైకిళ్ళు చేయ నారంభించిన ఎన్‌ఫీల్డువారు 1932లో ఈ బుల్లెట్టు పేరు పెట్టిరి. 1955లో మదరాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా యేర్పడినది. ఇంగ్లండులోని కర్మాగారములు మూతపడినను, ఈ బండ్లు నేటికిని చెన్నపట్టణ ప్రాంతమున తయారగుచున్నవి. కావున ఎడారిలో మమ్ము మోసినది మన పొరుగింటి బండియే. బరువు సుమారు 195 కిలోలు. పడిన నెత్తుట కిద్దరు కావలయును.

బండిని చేతికి దీసికొనుటకు ముందు దాని చుట్టును నడచి, ప్రతి గీతను, ప్రతి సొట్టను దుకాణదారు నెదుటనే ఫొటో తీసితిమి. పెండ్లికి నగ ఎరవు దెచ్చుకొనునపుడు రాళ్ళెన్ని యున్నవో యిరువురు కలిసి లెక్కించుకొందురు గదా, అట్లే. పిమ్మట బ్రేకులు, దీపములు, టైర్ల చారలు, గొలుసు బిగువు చూచితిమి. రిజిస్ట్రేషను, బీమా, పొగ పరీక్ష కాగితముల నకళ్ళు దీసికొంటిమి. విడి ట్యూబు, క్లచ్చి వైరు, యాక్సిలరేటరు వైరు, ప్లగ్గు అడిగి సంచిలో వేయించుకొంటిమి. వెనుక గూర్చున్నవారికిని హెల్మెట్టు చట్టముచేత విధింపబడినది. దుకాణమువా రొక్కటి యిచ్చి యూరకుందురు, రెండవదియు అడుగవలెను.

మొదటి దినము దూరము పోక, బండిని పరీక్షించుటకై జోధ్‌పూరునకు 26 కిలోమీటర్లలోనున్న ఖేజడ్లీ గ్రామమునకు పోయితిమి. స్త్రీలు చూడవలసిన చోటది. 1485లో జంభేశ్వరగురువు స్థాపించిన బిష్ణోయి మతమువారు ఇరువదితొమ్మిది నియమములను పాటింతురు. పచ్చని చెట్టును కొట్టకుండుట అందొకటి. 1730లో జోధ్‌పూరు రాజు క్రొత్త మేడకు సున్నము కాల్చుటకై కట్టెలు కావలసి, అతని భటులు ఈ గ్రామమునకు గొడ్డళ్ళతో వచ్చిరి. అమృతాదేవి యను గృహిణి తన వాకిటి చెట్టును కౌగిలించుకొని నిలిచినది. ఆమెను, ఆమె ముగ్గురు కూతుండ్రను నఱకిరి. విని చుట్టుప్రక్కల గ్రామములవారు వచ్చి యొక్కొక్క చెట్టును పట్టుకొని నిలువగా 363 మంది ప్రాణములు పోయెను. అప్పటికిగాని రాజు మనసు మఱల లేదు.

వారు ప్రాణమిచ్చిన ఆ ఖేజడీ యేదో కాదు, మన జమ్మిచెట్టు. పాండవులు విరాటుని కొలువు చేరుటకు ముందు ఆయుధములు దాచిన శమీవృక్షము. దసరానాడు మనము బంగారమని చేతులు మార్చుకొను ఆకు. రాజస్థానమునకు రాష్ట్రవృక్షము, తెలంగాణమునకును రాష్ట్రవృక్షము. మనకు ఏటి కొకనాడు పూజ చేయవలసిన చెట్టు. వారికి ప్రతిదినము అన్నము పెట్టు చెట్టు. ఆకు మేకలకు, ఒంటెలకు మేత. కాయ సాంగ్రీ యనబడు కూర. ఎండిన సాంగ్రీని, కేర్ యను పుల్లని చిన్నకాయలను రాత్రి నానవేసి, ఉదయము ఉడికించి వార్చి, నూనెలో మిరపకాయలు, ఆమ్‌చూరు వేసి మగ్గనిత్తురు. సజ్జరొట్టెతో తిని, కొంత కొని మూటగట్టుకొంటిమి.

రెండవదినము సామాను కట్టుటలో మా విద్య పనికివచ్చినది. ఇరుప్రక్కల సంచులలో బరువు కావడివలె సమముగ నుండవలెను. బరువైనవి అడుగున, వానకోటు పైన, నీరు చేతికందుచోట. ఎడారిగాలికి చెమట పట్టినది పట్టినట్లే ఆరిపోవును; అందుచే దప్పి తెలియదు. కావున దప్పి కాకున్నను గంటకొకమారు త్రాగవలెను. మేము చెరి నాలుగు లీటర్ల నీరు మోసికొంటిమి. చీరకుచ్చిళ్ళు గొలుసులోనికి బోవు ప్రమాద మున్నది గనుక చుడీదారు ధరించి, ఓణీని నడుమునకు బిగించితిమి. ఇది మా అత్తగారు చెప్పి పంపిన మాటయే.

జోధ్‌పూరునుండి ఒసియాకు సుమారు 65 కిలోమీటర్లు. ఎనిమిదవ శతాబ్దినాటి ఆలయము లచ్చట నున్నవి. అచ్చటినుండి ఫలోదీ. 2016 మే 19వ తేదీన 51 డిగ్రీల వేడి చూచిన యూరది. మేము పుష్యమాసమున పోవుటచే ఉదయము వ్రేళ్ళు కొంకర్లుపోవు చలి, మధ్యాహ్నము హాయియైన యెండ. ఫలోదీ ప్రక్క ఖీచన్ గ్రామమున కుర్జలను క్రౌంచజాతి పక్షులు చలికాలమున వేలకొలది దిగును. మంగోలియా మొదలగు దూరదేశములనుండి హిమాలయములు దాటి వచ్చిన యతిథులకు గ్రామస్థులు ప్రతిదినము ధాన్యపు గింజలు చల్లుదురు. వాన అరుదైన యూర, తమకే చాలీచాలని పంటలో, పక్షికి పాలు పెట్టుట చూచి మేము చాలసేపు మాటలాడలేకపోతిమి.

పోఖరన్ మీదుగా జైసల్మేరు త్రోవ అద్దమువలె నున్నది. 1974లోను, 1998లోను మన దేశము అణుపరీక్షలు జరపిన ప్రాంత మదియే. తిన్నని త్రోవలో నిద్ర వచ్చును, వేగము తెలియదు. ఒంటెలు, ఆవులు హఠాత్తుగ నడుమకు వచ్చును. చీకటిలో ఒంటె కాళ్ళు స్తంభములవలె కనబడి, తల కనబడదట. అందుచే సూర్యాస్తమయమునకు గంటముందే బండి దిగవలెనని మాలో మే మొక నియమము చేసికొంటిమి.

జైసల్మేరు కోటను 1156లో జైసలుడను రాజు కట్టించెను. పసుపురాతి కోట, లోపల నేటికిని సంసారములున్నవి. 2013లో దానిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చిరి. కోటలోపల బస చేయుట వేడుకయని పలువురు చెప్పిరి. మేము వెలుపలనే దిగితిమి. కారణము నీరు. పూర్వము ఆ యింటి ఆడువారు గడీసర్ చెరువునుండి తలపై బిందెలతో తెచ్చుకొన్న నీటికి సరిపడునట్లు కట్టిన కోట యది. ఇపుడు గొట్టములలో నీరు వచ్చుచున్నది. వచ్చిన అతిథులు దినమునకు పలుమారులు స్నానములు చేయుదురు. ఆ వాడుకనీరు అడుగున మట్టిలోనికి ఇంకి, ఎనిమిదివందల యేండ్లు నిలిచిన గోడలు సడలుచున్నవి. శత్రువుల ఫిరంగులు చేయలేనిది అతిథుల స్నానములు చేయుచున్నవి. మా రెండు బకెట్లనీరు ఆ లెక్కలో చేరకుండుట మేలని తోచినది.

ఈ జైసల్మేరున ఏడాది కురియు వాన సగటున సుమారు 200 మిల్లీమీటర్లే. మన కోస్తాజిల్లాలలో దానికి అయిదింతలు కురియును. అయినను ఈ యెడారివారు దాహముతో ఊళ్ళు విడువలేదు. జైసల్మేరునకు పడమట కుల్ధరా యను పాడుపడిన గ్రామము ప్రాంతమున ఖడీనులను పొలములు చూచితిమి. రాతినేలపై పాఱు వాననీటిని పల్లమున మట్టికట్టతో నిలుపుదురు. నీరు భూమిలోని కింకిన పిదప ఆ చెమ్మలోనే గోధుమ, శనగ చల్లుదురు. పాలీవాలు బ్రాహ్మణులు పదునైదవ శతాబ్దిలో వృద్ధిచేసిన పద్ధతి. కట్టిన వారు పోయిరి. వారి కట్టలక్రింద నేటికిని పంట పండుచున్నది.

ఆఱవదినము రామ్‌గఢ్ చేరి ట్యాంకు నింపుకొంటిమి. బుల్లెట్టులో 13 లీటర్లు పట్టును. లీటరుకు 30 కిలోమీటర్లని తక్కువగ లెక్కించినను దాదాపు 390 కిలోమీటర్లు పోవును. అయినను ముందు బంకు కనబడునను ఆశతో ఎడారిలో బయలుదేరరాదు. అచ్చటినుండి 1971 డిసెంబరులో యుద్ధము జరిగిన లోంగేవాలాకు సుమారు 45 కిలోమీటర్లు. సగముదారి పోవునప్పటికి పడమటిగాలి లేచి త్రోవపై ఇసుక పఱచినది. ఇసుకపై బ్రేకు వేసిన చక్రము జాఱును. ఇసుక రాకమునుపే వేగము తగ్గించి, చుక్కానివలె హాండిలును తిన్నగ పట్టుకొని దాటవలెను. మూడు మెట్టలు దాటితిమి. నాలుగవ చోట త్రోవయే కనబడలేదు. చేతిఫోనులో సంకేతము లేదు.

"సగముదూరము వచ్చితిమి గదా, మెల్లగ పోవుదమా?" అని మావారనిరి.

"ఏమండీ, పెట్రోలున్నది, నీరున్నది, పగలు లేదు. రేపు పోవుదము" అంటిమి.

ఆయన మాఱుమాట లేక బండిని త్రిప్పిరి. త్రిప్పు నపుడు ఇసుకలో ప్రక్కస్టాండు దిగిపోగా, బండి యొరగకుండ దానిక్రింద చదునురాయి వెదకి పెట్టితిమి.

మఱలివచ్చునపుడు త్రోవ ప్రక్కన రెండు గుండ్రని గుడిసెలు, వాటి ముంగిట తాంకా కనబడినవి. తాంకా యనగా నేలలో త్రవ్వి సున్నము పూసిన నీటిగూన. దాని చుట్టును ఆగోర్ అను చదునునేలను గూనవైపునకు వాలుగ దీర్చి యుంచుదురు. వానచినుకు ప్రతిదియు దొర్లి లోనికి పోవును. ఆషాఢమునకు ముందు దానిని ఊడ్చి శుభ్రము చేయుదురు. తెలతెలవాఱు జుట్టుపై ఎఱ్ఱని ఓఢ్నీ కప్పుకొన్న యొక పెద్దామె మమ్ము చూచి "పధారో" అని పిలిచినది. మేము ముందునకు రాగా మా బూట్లవైపు వ్రేలు చూపినది. దేవుని గదిలోనికి బోవునట్లు బూట్లు విడిచి ఆగోరుపై నడచితిమి. ఆమె మూత తాళము దీసి, చిన్నచేదతో తోడి, లోటాలో పోసి యిచ్చినది.

మాయొద్ద మూడు లీటర్ల నీరు మిగిలియున్నది. ఆ యింటి నీరు వచ్చు వానకాలమువఱకు రావలసినది. వలదనుటకు నోరు తెఱచునంతలో మాకు ఉదంకుని కథ జ్ఞప్తికి వచ్చినది. చిన్ననాట తండ్రిగారియొద్ద భారతము చదివిన దినములలో ఆశ్వమేధికపర్వమున విన్న కథ. దప్పిగొన్నపుడు తలచిన నీరు లభించునని కృష్ణుడు ఉదంకునికి వరమిచ్చెను. మరుభూమిలో దప్పిగొన్న మునికి కుక్కలను వెంటబెట్టుకొన్న మాతంగు డొకడు నీరీయవచ్చెను. ముని అసహ్యించుకొని కాదనెను. వచ్చినవాడు ఇంద్రుడనియు, తెచ్చినది అమృతమనియు పిదప తెలిసెను. నేటికిని మరుభూమిలో కురియు మేఘములను ఉదంకమేఘములందురు. మడియాచారముల నడుమ పెరిగిన మేము ఆమె కులమడుగలేదు. ఆమెయు మా కుల మడుగలేదు. ఇరువురమును ఆ లోటానీరు చుక్క క్రింద బడకుండ త్రాగితిమి. మావారు రూపాయలు తీయబోగా ఆమె చేయి అడ్డముపెట్టి, ఆకాశమువైపు చూపి, ఆ నీరు తనది కాదన్నట్లు తల త్రిప్పినది. మా మూడు లీటర్ల నీటిని ఆమె మేకల తొట్టిలో పోసితిమి. దానికి మాత్రమామె నవ్వి యొప్పుకొన్నది.

ఆరాత్రి రామ్‌గఢ్‌లో బసచేసి, మఱునాడు గాలి తగ్గినపిదప లోంగేవాలా, తనోట్ మాత గుడి చూచి వచ్చితిమి. ఈ ప్రాంతమున ఇందిరాగాంధీ కాలువను గూర్చియు చెప్పవలెను. పంజాబున సట్లెజ్, బియాస్ నదులు కలియు హరికేనుండి 649 కిలోమీటర్లు వచ్చిన కాలువ యది. 1958లో పని ఆరంభమైనది. నీరు వచ్చినచోట పైరు పచ్చగ నున్నది, ఎవరు కాదనగలరు? కాని నీరు సుళువైనచోట కొన్ని తాంకాలు మూతలూడి చెత్తతో నిండియుండుట చూచితిమి. తనోట్ నుండి వచ్చుచు, మన కర్నూలుసీమలోని రోళ్ళపాడున ఒకప్పుడు తిరుగాడిన బట్టమేకపక్షి జ్ఞప్తికి వచ్చినది. ఆ జాతి యిపుడు దేశమంతట కొలదిగ మాత్రమే మిగిలియున్నది. వానిలో పెక్కు ఈ థార్ గడ్డినేలలలోనే యున్నవి. ఎగురునపుడు కరెంటుతీగెలకు తగిలి చచ్చుచున్నవట. మనయొద్ద పోగొట్టుకొన్న పక్షిని వారియొద్దనైన నిలుపుకొనవలెను గదా.

ఎనిమిదవదినము సాయంకాలము జోధ్‌పూరున బండిని కడిగించి, గొలుసుకు పట్టిన ఇసుక తుడిపించి అప్పగించితిమి. దుకాణపు కుఱ్ఱవాడు సైలెన్సరుపై సొట్ట చూపి ధరావతులో కోత యన్నాడు. మొదటిదినపు ఫొటో చూపగా యజమాని నవ్వి పూర్తి సొమ్ము నిచ్చివేసెను. అద్దె 9,600 రూపాయలు; పెట్రోలు ముప్పదియైదు లీటర్లు.

మీలో నెవరైన నట్టి యాత్రకు పోదలచినచో కార్తికమునుండి మాఘమువఱకు మంచికాలము. నల్లపలక చూచి తీసికొనుడు, గీతలు ఫొటో తీసికొనుడు, ప్రొద్దుండగనే దిగుడు, వెనుదిరుగుటకు సిగ్గుపడకుడు. ఇవన్నియు బండికి సంబంధించిన జాగ్రత్తలు. వానికంటె పెద్దదొకటి గలదు. ఎరవుసొమ్ము బరువుచేటని మన పెద్దలందురు. బండికి మనము అద్దె యిచ్చుచున్నాము గనుక సొట్ట పడకుండ తిరిగి యొప్పగింతుము. అమృతాదేవి చెట్టు, ఖీచను పక్షి, కోటగోడ, పెద్దామె లోటానీరు వీనికి మనము అద్దె యిచ్చుటలేదు. అద్దె లేని యెరవునకు జాగ్రత్త రెండింత లుండవలెను. మా యింట ఇపుడు బియ్యము కడిగిన నీరు తులసికోటకు పోవుచున్నది. అది గొప్పపని కాదు. కాని కుండలో ముంచునపుడెల్ల ఆ తాళపుచెవి చప్పుడు మాకు వినబడుచున్నది.